కొండకు, వానకు చుట్టరికము: హెన్రీ బ్లాన్‌ఫోర్డు జీవితము

భారతదేశపు పటమును గోడకు తగిలించి పాఠము చెప్పు ఉపాధ్యాయుడెవరైనను పడమటి కనుమలయొద్ద కొంతసేపు ఆగక తప్పదు. అరేబియా సముద్రపుటొడ్డున నున్న మంగుళూరులో ఏటికి 350 సెంటీమీటర్లకు మించి వాన కురియును. అక్కడినుండి కనుమలు దాటి ఈశాన్యముగా మన అనంతపురము చేరునప్పటికి ఆ వాన 55 సెంటీమీటర్లకు దిగిపోవును. రెండూళ్ల నడుమ దూరము నాలుగువందల కిలోమీటర్లయినను లేదు. ఋతువొక్కటే, గాలి యొక్కటే. నడుమ నున్నది కొండ. ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. కొంకణపు పల్లెకారునకును, కనుమదారిని ఎడ్లపై సరకు తోలుకొనిపోయిన వర్తకునకును తెలిసినదే. కాని తెలిసియుండుట వేరు, కొలిచి లెక్కగట్టుట వేరు. ఊరూర వర్షమాపకములలో పడిన నీటి లెక్కలను ఒక్కచోటికి చేర్చి, ఏ కొండ ఏ గాలిని ఎట్లు పిండుచున్నదో, ఏ సీమకు ఎంత దక్కుచున్నదో దేశమంతటికిని తేల్చి చూపిన వాడు హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫోర్డు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకములలో అరుదుగా కానవచ్చును. ఆయన క్రోడీకరించిన విషయములు మాత్రము భూగోళపాఠములలో నేటికిని నిలిచియున్నవి.

బ్లాన్‌ఫోర్డు 1834 జూన్ 3న లండను నగరములో జన్మించెను. ఆయనకు రెండేండ్లు పెద్దవాడైన అన్న విలియం థామస్ బ్లాన్‌ఫోర్డు. ఈ అన్నదమ్ములిరువురును ఒకే విద్యను అభ్యసించి, ఒకే కొలువులో చేరి, ఒకే ఏట హిందూదేశమునకు వచ్చిరి. లండనులో అప్పుడే క్రొత్తగా వెలసిన గనుల విద్యాలయములో హెన్రీ చదివెను. పిదప జర్మనీ దేశమున సాక్సనీలోని ఫ్రైబర్గు పట్టణమున గల పేరుగాంచిన గనుల కళాశాలలో మరికొంత కాలము చదివెను. 1855లో అన్నదమ్ములిద్దరును భారత భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగులై కలకత్తా చేరిరి. అప్పటికి హెన్రీకి ఇరువది యొక్క సంవత్సరములు. శాఖాధిపతి థామస్ ఓల్ధాము వీరికి అప్పగించిన మొదటి పని ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు క్షేత్రమును పరిశీలించుట.

తాల్చేరులో జరిగిన సంగతి విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది. అక్కడి నేలపొరలలో మెత్తని ఒండ్రుమట్టి నడుమ మనిషి ఎత్తు బండరాళ్లు కూరుకొనియుండెను. మెత్తని ఒండ్రు నిలకడ నీటిలో మెల్లగా దిగును. పెద్ద బండను దొర్లించు ప్రవాహమైనచో ఆ ఒండ్రును నిలువనీయదు. రెండును ఒక్కచోట ఎట్లు చేరినవి? మంచుగడ్డలు మోసికొనివచ్చి విడిచిన రాళ్లని బ్లాన్‌ఫోర్డు సోదరులును, వారితో పనిచేసిన విలియం థియోబాల్డును తలచిరి. వడగాడ్పుల ఒరిస్సాలో ఒకానొక కాలమున మంచు పేరుకొని యుండెనని చెప్పుటకు 1856లో ఎంతో సాహసము కావలెను. ఆ ఊహను వినినవారు వెంటనే నమ్మలేదు. 1872లో మన ఆదిలాబాదు పొలిమేరన ప్రవహించు పెన్‌గంగ యొద్ద, మంచు ఒరసికొనిపోవగా గీతలు పడిన శిలలు దొరకిన పిమ్మట గాని దానికి బలము రాలేదు. వేడినేలమీద మంచు జాడ చూడగలిగిన ఆ దృష్టియే ఆయనకు తరువాతి జీవితములో మఱియొకమారు ఉపకరించినది. ఆ సంగతి ముందు వచ్చును.

తాల్చేరు పిదప హెన్రీని చెన్నరాజధానికి పంపిరి. తిరుచిరాపల్లి ప్రాంతమున సముద్రజీవుల అవశేషములతో నిండిన సున్నపురాతి పొరలు కలవు. వాటిని ఆయన ఏండ్ల తరబడి నడచి, కొలిచి, ఉత్తత్తూరు, తిరుచిరాపల్లి, అరియలూరు అను మూడు వర్గములుగా విభజించెను. ఆ విభాగము నేటికిని శాస్త్రజ్ఞుల వాడుకలో నున్నది. ఈ నడుమనే నీలగిరుల శిలానిర్మాణమును పరిశీలించి ఒక గ్రంథము వ్రాసెను. నీలగిరులు వింతైన తావు. పడమటి వైపున కుందా శిఖరములు జూన్, జూలై నెలలలో నైరృతి గాలికి తడిసి ముద్దయగును. తూర్పున కోటగిరి, కూనూరు వైపునకు అక్టోబరు, నవంబరు నెలలలోనే మంచి వానలు. ఒకే కొండకు రెండు మొగములు, రెండు వర్షకాలములు. అప్పటికి బ్లాన్‌ఫోర్డు కన్ను రాళ్లమీదనే యుండెను. అయినను, కొండల వానలనుగూర్చి తరువాత అంత నిశ్చయముగా వ్రాసిన వానికి ఆ నీలగిరి వాసము ఊరక పోలేదని నా ఊహ.

ఎండలోను అడవులలోను తిరిగిన ఫలముగా ఆయన ఆరోగ్యము చెడెను. 1862లో భూగర్భ శాఖను విడిచి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్య పదవి స్వీకరించెను. గుడారము పోయి తరగతిగది వచ్చినది. ఆ తరగతిగదినుండియే ఒక పాఠ్యగ్రంథము పుట్టెను. 1873లో భారతీయ పాఠశాలల కొఱకే ఆయన భౌతిక భూగోళమును వ్రాసి ప్రచురించెను. అంతవరకు మన పిల్లలు ఇంగ్లండులో అచ్చయిన పుస్తకములనుండి, తామెన్నడు చూడని మంచుకొండలను, తామెరుగని వసంతఋతువును వర్ణించు పాఠములను వల్లించుచుండిరి. గంగానది, బంగాళాఖాతపు ఉప్పెన, ఋతుపవనములు అను తమ కన్నులయెదుటి విషయములతో భూగోళము చెప్పవచ్చునని చూపిన తొలి పుస్తకములలో అది యొకటి. ఉపాధ్యాయులు ఈ యొక్క పనికే ఆయనను తలచుకొన్నను తప్పులేదు.

ఇంతలో ఆయన జీవితమును మలుపు త్రిప్పిన విపత్తు వచ్చెను. 1864 అక్టోబరు 5న ఘోరమైన తుపాను కలకత్తాపై విరుచుకొనిపడెను. హుగ్లీ నదిలోనికి సముద్రము గోడవలె లేచి వచ్చినది. రేవులోని ఓడలు లంగరులు తెంచుకొని ఒకదానిపై నొకటి పడి విరిగెను. ఏబదివేలకు పైగా జనము మడసినట్లు లెక్క. నెలయైనను తిరుగకముందే, నవంబరు 1వ తేది రాత్రి, మఱియొక తుపాను మన మచిలీపట్టణమును ముంచెత్తినది. ఆ ఉప్పెన పట్టణమును దాటి లోపలి పల్లెలమీదికి మైళ్లకొలది ప్రాకెను. ముప్పదివేల మంది ఆ రాత్రి పోయిరని నాటి లెక్కలు తెలుపుచున్నవి. కృష్ణా జిల్లాలో ఆ ఉప్పెన కథ తరతరములుగా చెప్పుకొనుచున్నదే.

కలకత్తా తుపానుపై విచారణ చేయుటకు గాస్ట్రెల్ అను సైనికాధికారితోపాటు బ్లాన్‌ఫోర్డును నియమించిరి. ఓడల దినచర్యలు, రేవుల భారమితి లెక్కలు, తీరవాసుల వాంగ్మూలములు ప్రోగుచేసి, తుపాను ఎక్కడ పుట్టినది, ఏ దారిని నడచినది వారు తేల్చిరి. ఆ నివేదిక 1866లో వెలువడెను. దానిని తయారుచేయుటలో ఒక కఠిన సత్యము బయటపడినది. అండమానుల దిక్కున తుపాను కదలుచుండగా దానిని ఎరిగిన నావికులుండిరి. కలకత్తాకు ఆ వార్త చేర్చు ఏర్పాటు మాత్రము లేదు. రేవులకు ముందుగా హెచ్చరిక పంపు పద్ధతి ఆ తరువాత మొదలయ్యెను. 1867లో బంగాళా ప్రభుత్వము బ్లాన్‌ఫోర్డును తన వాతావరణ నివేదకునిగా నియమించెను. రాళ్ల పండితుడు గాలుల పండితుడయ్యెను.

అప్పటికి దేశములో వాతావరణపు లెక్కలు లేకపోలేదు. చెన్నపట్టణమున పద్దెనిమిదవ శతాబ్ది చివరినుండియు నక్షత్రశాల పనిచేయుచుండెను. మన విశాఖపట్టణమున గోడే వేంకట జగ్గారావు సొంత ధనముతో నిర్మించిన వేధశాలను ఆయన అల్లుడు అంకితం వేంకట నరసింగరావు శ్రద్ధగా నడపుచు, ఆకాశమునే కాక వానను, గాలిని గూడ కనిపెట్టుచుండెను. అయితే ఈ లెక్కలన్నియు ఎవరికి వారివే. ఒక రాష్ట్రమున ఉదయము కొలుతురు, మఱియొక రాష్ట్రమున సాయంకాలము. ఒకచోట భారమితి మేడమీద, మఱియొకచోట వసారాలో. వీటిని కలిపి చూచుట సేరును తవ్వతోను, గజమును మూరతోను కొలిచి మొత్తము కట్టుట వంటిది. 1875లో భారత ప్రభుత్వము అఖిల భారత వాతావరణ శాఖను స్థాపించి, బ్లాన్‌ఫోర్డును దానికి మొదటి అధిపతిగా చేసెను. పరికరములను ఒక్క ప్రమాణమునకు తెచ్చుట, కొలుచు వేళలు ఏర్పరచుట, ప్రతి స్థలమునకు సముద్రమట్టమునుండి ఎత్తు నిర్ణయించుట, వచ్చిన లెక్కలలో తప్పులు ఏరుట ఇవే ఆయన తొలి పనులు. వీటిలో ఏదియు కీర్తి తెచ్చు పని కాదు. కాని ఇవి లేనిదే తరువాతి కథ లేదు.

శాఖ ఊపిరి పీల్చుకొనకముందే కరవు వచ్చిపడెను. 1876లో వానలు తప్పినవి. 1877లో మరల తప్పినవి. దానిని మనవారు ధాత కరవని నేటికిని చెప్పుకొనుచున్నారు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలలో ప్రాణులు రాలిపోయెను. చెన్నరాజధానిలో, మైసూరులో, బొంబాయి దక్కనులో లక్షలకొలది జనులు మరణించిరి. ఆ కరవులో పాలకులు చేసినదానిని, చేయనిదానిని గూర్చి చరిత్రకారులు చాల వ్రాసిరి. ఇక్కడ ముఖ్యమైనది ఒక్కటి: వాన రాదని రెండు నెలలు ముందు తెలిసినను ధాన్యము తరలించుకొనవచ్చుననెడి ఆశ ప్రభుత్వమునకు పుట్టినది. ఆ ఆశ నేరుగా బ్లాన్‌ఫోర్డు భుజములమీదికి వచ్చి కూర్చుండెను.

వాన ఎందుకు రాదో తెలియవలెనన్నచో, అది ఎందుకు వచ్చునో ముందు తెలియవలెను. ఆయన వర్షపాతపు లెక్కలమీద కూర్చుండెను. ఆ పరిశ్రమ ఫలమే 1886 మొదలు 1888 వరకు భాగములుగా వెలువడిన భారతదేశ వర్షపాత గ్రంథము. అందలి ప్రధాన పాత్ర కొండ.

పడమటి కనుమలు తపతి దక్షిణమునుండి కన్యాకుమారి వరకు 1,600 కిలోమీటర్లు తీరము వెంబడి నిలిచియున్నవి. జూన్ మాసమున నైరృతి గాలి వేలకొలది కిలోమీటర్లు సముద్రముమీద నడచి ఆవిరి నింపుకొని వచ్చి, ఈ గోడకు ఇంచుమించు అడ్డముగా తగులును. ముందుకు పోవుటకు దానికి మార్గము పైకే. గాలి పైకెక్కినకొలది దానిమీది ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గగా అది వ్యాకోచించును. ఆ వ్యాకోచమునకు తన వేడినే వెచ్చించుకొని చల్లబడును. తడి చేరని గాలియైనచో కిలోమీటరు ఎక్కగా సుమారు 10 డిగ్రీలు చల్లబడును. చల్లని గాలి ఆవిరిని పట్టియుంచుకొనజాలదు. ఆవిరి నీటిబిందువులుగా మారును. ఆ మార్పులో దాగియున్న వేడి వెలువడుటచే, అటుపైన గాలి చల్లబడుట నెమ్మదించును. ఈ దాగిన వేడియే మేఘమును మరింత పైకి నెట్టుచు వానకు బలము చేకూర్చును. కొండనెత్తి దాటిన పిదప అదే గాలి ఆవలివైపు జారును. నీరు పోగొట్టుకొనిన గాలి కనుక దిగునప్పుడు కిలోమీటరునకు పూర్తిగా 10 డిగ్రీల చొప్పున వేడెక్కును. ఎక్కునప్పుడు పోయినదానికంటె దిగునప్పుడు వచ్చు వేడి హెచ్చు. కావుననే కొండకు ఆవలివైపు గాలి పొడిగాను వేడిగాను నుండును. మనము వర్షచ్ఛాయ యనుచున్నది దీనినే.

మహాబలేశ్వరము కనుమల అంచునే యున్నది. ఏటికి 550 సెంటీమీటర్లకు పైగా వాన. అక్కడికి తూర్పున 20 కిలోమీటర్లలోపుననే యున్న పంచగనిలో అందులో మూడవవంతు. ఇంక పూనాకు వచ్చినచో 70 సెంటీమీటర్లు. ఇంతటి తేడాను విద్యార్థులు తరచుగా అపనమ్మకముతో విందురు. పటముమీద ఆ రెండూళ్లకు నడుమ చీమ పట్టునంత చోటు గూడ ఉండదు మరి.

తూర్పున బర్మా తీరమున ఇదే కథ. అరకాన్ కొండల ముందటనున్న అక్యాబులో 450 సెంటీమీటర్లకు మించి కురియును. వెనుకనున్న మాండలేలో సుమారు 85. ఖాసీ కొండల దక్షిణపు అంచున, 1,300 మీటర్ల ఎత్తున, చిరపుంజి కలదు. దాని ముందు సిల్హెట్టు మైదానము వర్షకాలమున సముద్రమువలె నీటితో నిండియుండును. ఆ మైదానము చివర కొండ నిట్టనిలువుగా లేచినది. చిరపుంజిలో ఏటి సగటు 1,100 సెంటీమీటర్లకు పైమాటే. 1860 ఆగస్టునుండి 1861 జూలై వరకు పండ్రెండు నెలలలో అక్కడ కురిసిన 2,646 సెంటీమీటర్ల వాన నేటికిని ప్రపంచమున సాటిలేనిది. అదే కొండలకు ఉత్తరమున, సుమారు ఏబది కిలోమీటర్లలో నున్న షిల్లాంగులో 220 మాత్రము.

కొండ యున్నంతమాత్రమున వాన రాదు. అది గాలికి అడ్డముగా నిలువవలెను. ఆరావళి పర్వతములు నైరృతి గాలి పోవు దిక్కుననే సాగియుండుటచే గాలి వాటి ప్రక్కలనుండి జారిపోవును, రాజస్థానము ఎండును. కనుమలలో పాలఘాటు సందు ముప్పది కిలోమీటర్ల వెడల్పున తెరచియున్నది. అందుండి గాలి కోయంబత్తూరు వైపు ఈదురుగా వీచును గాని, ఎక్కవలసిన మెట్టలేనందున అక్కడ వానను అంతగా విడువదు. మన తూర్పు కనుమలు మఱియొక తీరు. గోదావరి, కృష్ణ, పెన్న వాటిని తెగకోసినవి. పైగా నైరృతి గాలి మన ఉత్తర కోస్తాకు ఒడ్డు వెంబడి వీచునే గాని ఎదురుగా తగులదు. ఆ కాలమున కోస్తాకు, తెలంగాణమునకు దక్కెడి వానలో పెద్దపాలు బంగాళాఖాతమున పుట్టి వాయవ్యముగా నడచు వాయుగుండముల పుణ్యమే. నెల్లూరు మొదలు తమిళ తీరమంతయు జూన్ నుండి సెప్టెంబరు వరకు కనుమల చాటుననే యుండి, గాలి మళ్లిన పిదప, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, ఖాతముమీదుగా వచ్చు ఈశాన్యపు గాలితో తడియును. అనంతపురమునకు రెండువైపులను దౌర్భాగ్యమే. పడమటి గాలి కనుమలయొద్దనే ఆరిపోవును. తూర్పు గాలి అంతదూరము వచ్చునప్పటికి చిక్కిపోవును. రాయలసీమ కరవునకు మానవుల తప్పిదములు ఎన్ని కారణములైనను, అడుగున నున్నది ఈ రెండు కొండల వరుసల లెక్క.

బ్లాన్‌ఫోర్డు కాలమున మైదానపు వర్షమాపకములు తప్ప వేరు సాధనములు లేవు. మన కాలమున ఉపగ్రహములనుండి చూడగా మఱియొక విశేషము తెలిసినది. పడమటి తీరపు వాన కొండవాలుననే ప్రారంభమగుట లేదు. ఒడ్డునకు ఎంతో ముందు సముద్రముమీదనే చిక్కనగుచున్నది. ముందు కొండ యున్నదని గాలికి దూరముననే తెలిసిపోవుననుకొనుడు. దాని నడక మందగించి, అక్కడనే గుమిగూడి పైకి లేచుచున్నది. బర్మా తీరమునను ఇట్లే. వేయి మీటర్ల ఎత్తు గల సన్నని కొండవరుస వందల కిలోమీటర్ల సముద్రముమీది మేఘములను శాసించుచున్నది.

ఇంక మంచు సంగతి. కనుమల వర్షము సగటుమీద ఎట్లుండునో తేలినది. అది ఒక యేడు వచ్చి ఒక యేడు రాకపోవుటకు కనుమలు కారణము కాజాలవు, అవి ఎక్కడికిని పోవు గనుక. ఏటేట మారునదేదో వెదకవలెను. తాల్చేరులో మంచు జాడ చూచిన కన్ను ఈమారు హిమాలయముల వైపు తిరిగెను. శీతకాలము చివరను, వసంతమునను పశ్చిమ హిమాలయములపై మంచు విస్తారముగా కురిసిన యేడు, ఆ మంచు కరుగుటకే సూర్యుని వేడి ఖర్చగును. కొండలు, వాటి చెంతనున్న నేల ఆలస్యముగా వేడెక్కును. ఆ చల్లని తావులనుండి పొడిగాలులు ఉత్తర మైదానములమీదికి వీచుచు, రావలసిన తడిగాలిని రానీయక నిలుపును. ఈ తర్కమును, దానికి ఆధారములైన సంవత్సరముల లెక్కలను 1884లో ఆయన లండనులోని రాయల్ సొసైటీకి సమర్పించెను. ఎక్కడో సిమ్లాకు ఉత్తరమున పడిన మంచునకు, ఎక్కడో గుజరాతు పైరునకు సంబంధము కట్టిన ఆ వ్యాసము నాటికి సాహసమే. అప్పటికి నాలుగేండ్ల క్రిందట, 1880లో, ఆ సంఘము ఆయనను తన సభ్యునిగా ఎన్నుకొనియుండెను.

1882 నుండి 1885 వరకు మంచు లెక్కలనుబట్టి వానను పరీక్షార్థము అంచనా వేసి చూచెను. ఫలితములు ధైర్యమిచ్చెను. 1886 జూన్ 4న భారతదేశమునకు, బర్మాకు వర్తించు తొలి ఋతుపవన సూచన క్రమముగా వెలువడెను. కాలమంతటికి ముందుగా వాన తీరు చెప్పుటకు ఒక దేశపు ప్రభుత్వశాఖ పూనుకొనుట ప్రపంచమున అదియే మొదలని చెప్పుదురు. పంచాంగములలో ఎన్ని కుంచముల వాన, ఎన్ని భాగములు సముద్రమున, ఎన్ని భాగములు పర్వతములపై యని చదివికొను అలవాటు మనకు తరతరములుగా కలదు. ఆ సూచనకు దీనికి భేదమొక్కటే: వర్షకాలము గడచిన పిమ్మట తన మాట తప్పినదో, నిజమైనదో బ్లాన్‌ఫోర్డు లెక్కలతో సరిచూచుకొనవలసియుండెను.

ఆ రోజులలోనే, 1885లో, రుచిరాం సాహ్నీ అను పంజాబు యువకుడు ఆయనవద్ద సహాయకునిగా చేరెను. ఆ శాఖలో అధికారి హోదాలో చేరిన తొలి భారతీయుడతడే. నల్లవారికి శాస్త్రము పట్టుపడదని తలచు దొరలు మెండుగా నున్న కాలమున, బ్లాన్‌ఫోర్డు అతనికి దగ్గరనుండి పని నేర్పి, బాధ్యతలు అప్పగించెను. సాహ్నీ తరువాత లాహోరు ప్రభుత్వ కళాశాలలో ఆచార్యుడై, పంజాబు పల్లెలలో సైన్సు ఉపన్యాసములిచ్చిన మహోపాధ్యాయుడయ్యెను. అతని కుమారుడే వృక్షశిలాజ శాస్త్రవేత్త బీర్బల్ సాహ్నీ. భారతదేశము, ఆఫ్రికా ఒకప్పుడు భూభాగముచే కలిసియుండెనని శిలలలోని మొక్కల ఆనవాళ్లనుబట్టి 1875లోనే హెన్రీ బ్లాన్‌ఫోర్డు వ్రాసియుండెను. ఆ గోండ్వానా మొక్కలనే బీర్బల్ సాహ్నీ జీవితమంతయు పరిశోధించుట చిత్రమైన సంఘటన.

పదవీ విరమణానంతరము బ్లాన్‌ఫోర్డు ఇంగ్లండుకు తిరిగిపోయెను. 1889లో ఆయన స్థానమునకు జాన్ ఈలియట్ వచ్చెను. అదే ఏట భారతదేశము, సింహళము, బర్మాల శీతోష్ణస్థితులను గూర్చిన బ్లాన్‌ఫోర్డు పెద్ద గ్రంథము వెలువడెను. మరుసటి ఏట మరల బడిపిల్లల కొఱకు ఈ దేశముల భూగోళమొకటి. 1893 జనవరి 23న ఫోక్‌స్టన్ అను సముద్రతీర పట్టణమున ఆయన మరణించెను. ఏబది తొమ్మిదవ యేడు నడచుచుండెను.

మంచు సూత్రము ఆ తరువాత గట్టి దెబ్బలు తినెను. 1899లో ఈలియట్ మంచి వానలు కురియునని సూచించెను. ఆ యేడు వానలు ఘోరముగా తప్పి, రాజపుటానా, గుజరాతు, మధ్యరాష్ట్రములు కరవున మలమలమాడెను. 1904లో శాఖాధిపతియైన గిల్బర్టు వాకరు, మంచు ఒక్కటే చాలదని, భూగోళమంతట వాయుపీడనపు లెక్కలను వెదకి, పసిఫిక్, హిందూ మహాసముద్రముల నడుమ ఊగు పీడనపు తూగుటుయ్యాలను కనుగొనెను. అయినను తన సూత్రములలో హిమాలయ మంచునకు చోటు తీసివేయలేదు. 1976లో ఉపగ్రహ చిత్రములతో యూరేషియా మంచు విస్తీర్ణమును సరిపోల్చిన శాస్త్రజ్ఞులకు బ్లాన్‌ఫోర్డు చెప్పిన సంబంధము మరల కానవచ్చెను. ఇటీవలి దశాబ్దులలో అది బలహీనపడుచున్నదనియు వారే చూచిరి. హిమాలయముల ప్రభావములో మఱియొక పార్శ్వము 2010లో తేలినది. ఆ గోడ ఉత్తరపు చల్లని పొడిగాలిని అడ్డుకొని, దక్షిణపు వేడితడి గాలిని కాపాడుచున్నదనియు, ఋతుపవనమునకు టిబెట్టు పీఠభూమి వేడికంటె ఈ కాపుదలయే ముఖ్యమనియు కంప్యూటరు ప్రయోగములు సూచించినవి. పొడిగాలి వానను చంపునన్న బ్లాన్‌ఫోర్డు మూలభావమునకు ఇది మరీ దూరమైనది కాదు.

1877 నాటి కరవునకు మూలము పసిఫిక్ సముద్రము వేడెక్కుటయని, అది అతి ప్రబలమైన ఎల్ నినో సంవత్సరమని నేడు మనకు తెలియును. ఆ దినములలో హిందూదేశములోనే కాక, ఆసియాలో విశాలభాగమునను, ఆస్ట్రేలియాలోను వాయుపీడనము హెచ్చుగా నుండినదని బ్లాన్‌ఫోర్డు లెక్కలు తెప్పించుకొని గమనించియుండెను. 1880లో రష్యాకు, హిందూదేశమునకు నడుమ పీడనము త్రాసువలె ఊగుచున్నదని గూడ వ్రాసెను. తరువాత వాకరు పట్టుకొనిన త్రాటి కొస అదియే. కాని ఆ కొసను పట్టి లాగుటకు సముద్రముమీది లెక్కలు కావలెను. అవి 1877లో ఎవరివద్దను లేవు. బ్లాన్‌ఫోర్డు చేతిలో నున్నవి వర్షమాపకములు, భారమితులు, కంటికి కనబడు కొండలు.